పొగకు వేసిన అంకె

దేవప్రసాద్‌కు ఎడమ చెవి సరిగా వినపడదు. ముప్పై ఒక్క ఏళ్లు డీజిల్ ఇంజన్లకు ఎడమ చెవి చూపించి నిలబడినందువల్ల వచ్చిన లోపం అది. ఇంజన్ లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలంటే పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను దాని ఒంటికి ఆనించి, పిడిని కుడి చెవికి పెట్టుకుంటాడు. ఏ వాల్వు సరిగా కూర్చోవడం లేదో ఆ చప్పుడును బట్టి చెప్పేస్తాడు. ఈ విద్య తండ్రి నేర్పాడు. తండ్రి భీమిలి నుంచి వచ్చి, దీవుల మధ్య తిరిగే ఓడల్లో ఇంజన్ గది పని చేసినవాడు. ఆయన కొడుక్కి నేర్పినది ఇంకొకటి ఉంది. లాగ్‌బుక్కులో ముందుగా ఏదీ రాయకూడదు, కంటితో చూశాకే రాయాలి. ఓడకు ఏదైనా జరిగితే మనుషుల తర్వాత వెతికేది ఆ పుస్తకాన్నే అనేవాడు.

ఆ దీవుల్లోనే, ప్రోతరాపూర్ అనే పేట దాటాక రోడ్డు కొండవైపు తిరిగే చోట అద్దె జనరేటర్ల ప్లాంటు ఒకటి ఉంది. ఆరు ఇంజన్లు, ఆరు పొగగొట్టాలు. చుట్టుపక్కల ఇళ్లకూ, గరాచర్మలో కొంత భాగానికీ కరెంటు అక్కడి నుంచే వస్తుంది. దేవప్రసాద్ అందులో కాంట్రాక్టు ఆపరేటరు. ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నం రెండు వరకు అతని డ్యూటీ. రెండింటికి బాబ్జీ అనే ఆపరేటరు వస్తాడు. గంటకోసారి ఆయిల్ ప్రెషరు, వేడి, లోడు చూసి పుస్తకంలో రాయాలి. దేవప్రసాద్ గంటగంటకీ లేచి ఆరు ఇంజన్ల చుట్టూ తిరిగి రాసేవాడు. బాబ్జీ కుర్చీలో కూర్చుంటూనే ఎనిమిది గంటల గళ్లూ నింపేసేవాడు.

"భయ్యా, నీ మోకాళ్లకి గ్రీజు పెట్టాలి. రోజుకి ఎన్నిసార్లు లేస్తావు? నేను ఒక్కసారి రాసీసి చాయ్ తాగుతాను. ఇంజన్‌కి తెలుస్తాదేటి?" అనేవాడు బాబ్జీ.

"ఇంజన్‌కి తెలీదురా, నాకు తెలుస్తుంది."

"బస్, యహీ ప్రాబ్లమ్ హై నీతో."

ప్లాంటులో అందరికీ అతని మీద ఉన్న గౌరవం, విసుగు రెండూ ఆ పుస్తకం వల్లనే వచ్చాయి. ఇన్‌స్పెక్షన్‌కు ఎవరైనా వస్తే షిఫ్ట్ ఇన్‌ఛార్జి భానుప్రకాష్ ఉదయం షిఫ్టు పేజీలు తెరిచి చూపించేవాడు.

ప్లాంటు కింద, కొండవాలులో, రేకుల కప్పున్న రెండు గదుల ఇల్లు దేవప్రసాద్‌ది. పిల్లలు లేరు. భార్య మేరి తెలుగు చర్చిలో పాతికేళ్లపాటు పాట ఎత్తుకున్న మనిషి. ఆదివారం బడిలో పిల్లలకు కీర్తనలు నేర్పేది. ఆ పిల్లలకు తెలుగు మాట్లాడటం వచ్చు గాని చదవడం రాదు. అందుకని తెలుగు పాటలను హిందీ అక్షరాల్లో రాసి పంచేది. బతుకుతెరువుకు ఒక బడి హాస్టల్లో వంట చేసింది. పదిహేనేళ్లు రంపపు పొట్టు పొయ్యి ముందు కూర్చుంది. ఊపిరితిత్తులు పాడయ్యాయని తేలిన రోజు ఆసుపత్రిలో డాక్టరమ్మ ఎక్స్‌రే ఫిల్ము చూసి, "పొగ తాగే అలవాటు ఉందా?" అని అడిగింది.

"తాగలేదమ్మా, వండేను," అంది మేరి.

రెండేళ్ల కిందట ఆసుపత్రివాళ్లు ఇంట్లో పెట్టుకోవడానికి ఆక్సిజన్ మిషన్ ఇచ్చారు. గదిలో గాలినే లోపలికి పీల్చుకుని, వడకట్టి, ఆక్సిజన్‌ను గొట్టంలోంచి ముక్కుకు పంపే మిషన్ అది. రోజుకు పదహారు గంటలు పెట్టుకోవాలి. కరెంటు లేకపోతే నడవదు. ఇన్వర్టరు బ్యాటరీ పాతది, ఒక గంట లాగితే గొప్ప. అది కూడా అయిపోతే మూలన ఒక చిన్న సిలిండరు ఉండేది. దాని మూతను తాళంచెవి లాంటి ఇనప పానాతో తిప్పాలి. మేరి చేతుల్లో ఆ బలం లేదు. పక్కింటి అప్పలకొండమ్మ వచ్చి తిప్పేది.

అప్పలకొండమ్మ వాళ్లది టెక్కలి వైపు. ఇంటి ముందు గదిలో చిల్లర సరుకుల కొట్టు. కొడుకు కాంట్రాక్టు పని మీద ఇంకో దీవిలో, హట్‌బేలో ఉండేవాడు. కోడలు సుష్మ టౌనులో బట్టల దుకాణంలో పనిచేసేది. మనవరాలు చిన్నికి నాలుగేళ్లు. పగలంతా నాయనమ్మ కొట్లోనో, మేరి గదిలోనో తిరిగేది. మిషన్ నీళ్ల సీసాలో లేచే బుడగల చప్పుడు వినడం దానికి సరదా.

ఆ ఏడు మెయిన్‌లాండ్ నుంచి డీజిల్ తేవలసిన ట్యాంకరు ఓడ రాలేదు. మొదట తుఫాను అన్నారు, తర్వాత ఓడకే మరమ్మతు అన్నారు. నిల్వలు పది రోజులకు తగ్గాయి. కరెంటు పోతే నీళ్ల పంపులు ఆగుతాయి, మందులు పెట్టే ఫ్రిజ్జులు ఆగుతాయి. అందుబాటులో ఉన్నది పెద్ద ఓడలకు వాడే మురికి డీజిల్ ఒక్కటే. గంధకం ఎక్కువ, పొగ ఎక్కువ. ఇళ్ల మధ్య దాన్ని కాల్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. అప్పుడు నలభై అయిదు రోజులకు అత్యవసర ఇంధన ఉత్తర్వు వచ్చింది.

ఆ ఉత్తర్వును నిర్లక్ష్యంగా రాశారని అనడానికి లేదు. కాలుష్యం చూసేవాళ్లు అభ్యంతరం చెప్పారు, డాక్టర్లు అభ్యంతరం చెప్పారు, రెండు వైపులవారినీ కూర్చోబెట్టే రాశారు. నాలుగో క్లాజు పొగ గురించి. ఆపరేటరు గంటకోసారి పొగగొట్టాన్ని చూసి, చేతిలో ఉన్న కార్డుతో పోల్చి అంకె వేయాలి. కార్డు మీద తెలుపు నుంచి నలుపు దాకా గళ్లు ఉంటాయి. సున్నా అంటే పొగ లేనట్టు, ఐదు అంటే కారునలుపు. రెండు గంటలు వరసగా మూడు దాటితే ఒక ఇంజన్ ఆపేయాలి, ఆరు గంటల పాటు మళ్లీ వేయకూడదు. ఇంజన్ ఆగితే ఎవరికో కరెంటు కోయాలి కాబట్టి ఐదో క్లాజు పెట్టారు. ఇళ్లలో ఊపిరి మిషన్ల మీద ఉన్న రోగుల జాబితా తయారు చేయాలి. కోతకు గంట ముందు వాళ్లకు కబురు చెప్పాలి, నిండు సిలిండరుతో మనిషిని పంపాలి. ఊరి గాలినీ, ఊరి కరెంటునూ తూచే బాధ్యత అలా ఆపరేటరు కంటి మీద పడింది.

గరాచర్మ వైపు లైనులో నీళ్ల పంపులు ఉన్నాయి గనుక ఇంజన్ ఆగితే కోత పడేది ప్రోతరాపూర్ లైనుకే. ఆ లైనులోనే దేవప్రసాద్ ఇల్లు.

మొదటి మూడు రోజులు ట్యాంకుల్లో పాత డీజిల్ కలిసి ఉండటంతో పొగ రెండు, మూడు మధ్య ఉంది. నాలుగో రోజు నల్లబడింది. దేవప్రసాద్ ఉత్తర్వులో చెప్పినట్టే సూర్యుడికి వీపు పెట్టి, నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి, చెయ్యి చాచి కార్డు పట్టుకుని చూశాడు. ఎనిమిదికి నాలుగు. తొమ్మిదికి నాలుగు. రాశాడు. పదింటికి మూడో ఇంజన్ ఆపాడు.

రెండున్నరకు ఇంటికి వెళ్లేసరికి అప్పలకొండమ్మ మేరికి విసనకర్రతో విసురుతోంది. సిలిండరు ముల్లు ఎర్ర గీత మీదుంది. మేరి పెదాల రంగు మారింది. జాబితా ఇంకా తయారు కాలేదు, కబురు చెప్పేవాళ్లు లేరు.

"ఇంకో పావుగంటయితే నేనేటి చెయ్యను తమ్ముడూ? నా ఊపిరి తీసి పెట్టనా?" అంది అప్పలకొండమ్మ. "ఎవడాడు కరెంటు తీసినోడు? ఆడి చెయ్యి పడిపోను!"

తనేనని దేవప్రసాద్ చెప్పబోయాడు. మేరి కళ్లతోనే అతన్ని ఊరుకోమంది.

మరునాడు పొగ అలాగే ఉంది. ఎనిమిదింటికి నీళ్ల ట్యాంకు దగ్గర నిలబడి కార్డు పట్టుకున్నాడు. నాలుగో గడికీ పొగకూ తేడా కనిపించలేదు. లోపలికి వచ్చి మూడు అని రాశాడు. నాలుగు రాయడానికి పట్టినంత సేపే పట్టింది. తొమ్మిదికీ మూడే. పదికీ మూడే.

ఆ రోజు మధ్యాహ్నం బాబ్జీ పుస్తకం తిరగేసి, "వాహ్ భయ్యా! నిన్న నీ డ్యూటీలో లైటు పోయిందని బస్టాపులో అందరూ నన్ను తిట్టీసినారు. ఇవాళ మన ఇద్దరి రాతా ఒక్కలాగే ఉంది," అని నవ్వాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరూ అతన్ని అంత మాట అనలేదు.

జాబితా కోసం దేవప్రసాద్ డాక్టరు చీటీ పట్టుకుని కరెంటు ఆఫీసుకు వెళ్లాడు. ఒక కుర్ర గుమాస్తా రిజిస్టరు తెరిచి, పదకొండో పేరుగా మేరి పేరు, ఇంటి గుర్తు, ఫోను నంబరు అతని ఎదురుగానే రాశాడు. పదో రోజు నుంచి జాబితా అమల్లోకి వచ్చింది.

రోజూ సాయంత్రం మిషన్ వెనక ఉన్న స్పాంజి ముక్కను తీసి కడగడం దేవప్రసాద్ పని. గది గాలిలోని దుమ్మును ఆపేది ఆ ముక్క. ఇదివరకు వారానికోసారి కడిగితే సరిపోయేది. ఆ పదో రోజు సాయంత్రం బేసిన్‌లో పిండితే నీళ్లు బొగ్గు కడిగినట్టు దిగాయి. మేరి మంచం మీద నుంచి చూసింది. కోతలు ఎందుకు లేవని ఆమె అడిగినప్పుడు, పొగ మూడే ఉందని చెప్పి ఉన్నాడు.

"ఇదేనా మీరు రాసే మూడు?" అంది.

అతను పిండుతూనే ఉన్నాడు.

"నాకు అబద్ధం చెప్పని మొగుడు దొరికాడని పెళ్లయిన కాడి నుంచీ కొండమ్మొదిన దగ్గర గొప్పలు చెప్పుకున్నాను," అంది. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకుంటోంది. "ఇప్పుడు ఏం చెప్పుకోవాలి?"

"ఇవాళ్టి నుంచి లిస్టు వచ్చింది మేరీ. నువ్వు పదకొండో నంబరు. ఇంక ఉన్నది ఉన్నట్టు రాయొచ్చు. కరెంటు తీసే ముందు మనిషొస్తాడు, సిలిండరు తెస్తాడు."

మేరి ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంది. ఆమె ఏమంటుందో అతను వేరేగా ఊహించుకున్నాడు.

"లిస్టు వచ్చి పానా తిప్పుతుందా?" అంది. "మూడే రాయండి. ఆ రోజు బ్యాటరీ ఆగినప్పుడు నాకు ఏమైందో మీకు తెలీదు. నీళ్లలో ముంచి పట్టుకున్నట్టు ఉంది. పాస్టరుగారు పరలోకం గురించి ఎంత చెప్పినా సరే, నాకు ఇంకా బతకాలనుందండీ. మూడే రాయండి."

అతను మూడే రాశాడు.

గాలి కదలని రోజులవి. పొగ పైకి పోకుండా వాలు మీద పరుచుకునేది. అప్పలకొండమ్మ దండెం మీద నుంచి దుప్పటి తీసి అతనికి చూపించింది.

"ఏటి తమ్ముడూ, తెల్ల దుప్పటి ఆరేస్తే చారల దుప్పటయి వొత్తంది. మీ కంపెనీవోళ్లు అడక్కుండానే అద్దకం పని కూడా చేసీస్తన్నారు." తర్వాత గొంతు తగ్గించింది. "మా చిన్ని గుంటకి దగ్గొదలట్లేదు. తుష్నాబాద్‌లో మా చెల్లి దగ్గిర పదిరోజులు దింపీసి వొద్దామా అనుకుంటన్నాను. ఆ పొగని కొలుత్తారంటగా? నువ్వే కొలుత్తావంట. ఎంతుందేటి?"

చిన్ని ఆమె చీర పట్టుకుని నిలబడి ఉంది.

"మూడు అక్కా," అన్నాడు దేవప్రసాద్. "హద్దులోనే ఉంది."

"నువ్వు రాసేవంటే అంతే ఉంటాదిలే. అనవసరంగా దాన్ని పంపడమెందుకు, రాత్రయితే నాకోసం ఏడుత్తాది." దుప్పటి మడత పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

వెనక్కి పిలవాలని అతనికి అనిపించింది. పిలవలేదు. ఇన్నాళ్లలో ఏ ఒక్క క్షణానికైనా వెనక్కి వెళ్లి మార్చగలిగితే దేన్ని మారుస్తావని తర్వాత ఎవరో అడిగితే, అతను ఆ దుప్పటి సంగతి చెప్పాడు.

ఇరవై నాలుగో రోజు తెల్లవారి డ్యూటీకి బయల్దేరుతుంటే అప్పలకొండమ్మ ఇంటి ముందు ఆటో ఆగి ఉంది. సుష్మ చిన్నిని భుజం మీద వేసుకుని ఎక్కుతోంది. పిల్ల ఊపిరి తీసినప్పుడల్లా డొక్కలు లోపలికి పోతున్నాయి. ఈల లాంటి చప్పుడు వస్తోంది. అతని చెడిపోయిన చెవికి కూడా అది వినిపించింది.

"ఆసుపత్రికే తమ్ముడూ. మేరమ్మని చూసుకో," అని అరిచింది అప్పలకొండమ్మ. ఆటో వెళ్లిపోయింది.

ఎనిమిదింటికి నీళ్ల ట్యాంకు దగ్గరికి వెళ్లాడు. నాలుగు. లోపలికి వచ్చి నాలుగని రాశాడు. తొమ్మిదికి మళ్లీ నాలుగు. రాశాడు. మేరికి ఫోను చేయలేదు. చేస్తే మూడే రాయమంటుందని తెలుసు. అయితే అతను ఆలోచించకుండా చేసిన పని కాదది. భానుప్రకాష్ గదికి వెళ్లి నిలబడ్డాడు.

"సార్, రెండు గంటలు దాటింది. మూడో ఇంజన్ ఆపాలి. లిస్టులో ఉన్నవాళ్లకి కబురెళ్లాలి."

భానుప్రకాష్ పుస్తకం చూసి తల పట్టుకున్నాడు. "ఇరవై రోజులు ప్రశాంతంగా ఉన్నాం కదయ్యా. ఇవాళే ఏమొచ్చింది పొగకి?" అన్నా, ఆఫీసుకు ఫోను చేశాడు. విని, పెట్టేసి చెప్పాడు. "అయిపోయింది. పదకొండు మందికీ టిక్ పడిందట. సమాచారం ఇచ్చాం, సిలిండరు పంపాం అని రెండు గళ్లలోనూ ఉందట. గుమాస్తా రిజిస్టరు ముందే పెట్టుకుని చదివాడు."

"పదకొండో నంబరుకి కూడా ఉందా సార్?"

"మీ ఆవిడే కదా? అందుకే అది ప్రత్యేకంగా అడిగాను. ఉంది."

రిజిస్టరులో ఉందంటే జరిగినట్టే. చూడకుండా ఎవరైనా రాస్తారన్న అనుమానం అతనికి రావలసింది. ఇరవై రోజులుగా తను చేస్తున్నదే అది. రాలేదు. ఇతరుల రాత మీద నమ్మకం అతనికి తండ్రి దగ్గర నుంచి వచ్చింది, తను చెడిపోయినా అది చెడలేదు. పదింటికి ఇంజన్ ఆపాడు. ప్రోతరాపూర్ లైను కోశారు.

పదిన్నరకు ఇంటికి ఫోను చేశాడు. కలవలేదు. కరెంటు పోతే అక్కడి సెల్ టవరు బ్యాటరీ కూడా కాసేపట్లో పడిపోతుందని అందరికీ తెలిసిన విషయమే. పదకొండు దాకా ఆగాడు. ఆగలేక భానుప్రకాష్‌ను ఇంజన్ల దగ్గర నిలబెట్టి, దారిన పోతున్న స్కూటరు ఆపి ఎక్కాడు.

తలుపు దగ్గరగా వేసి ఉంది. మేరి మంచం మీద లేదు. మూలన సిలిండరు పక్కన, గోడకు ఆనుకుని నేల మీద కూర్చుని ఉంది. పానా సిలిండరు మూతకు తగిలించి ఉంది. అక్కడి దాకా వెళ్లి, తగిలించి, తిప్పలేకపోయింది. ఇన్వర్టరు ఆగిపోయి చాలాసేపయింది. ఆమెకు యాభై రెండేళ్లు.

మనిషి రాలేదు. సిలిండరు రాలేదు. ఫోనులో పదింటికి ముందు ఏ పిలుపూ లేదు.

రెండు రోజుల తర్వాత చర్చి వెనక సమాధి చేశారు. ఆదివారం బడి పిల్లలు కాగితాలు చూసి పాడారు. పాట మొదలెట్టేవాళ్లు లేక రెండుసార్లు తప్పారు. అప్పలకొండమ్మ ఆసుపత్రి నుంచి నేరుగా వచ్చి, దేవప్రసాద్ చెయ్యి పట్టుకుని, "నేనుంటే తిప్పుదును కదా తమ్ముడూ, నేనుంటే తిప్పుదును కదా," అని అదే మాట అంటూ ఏడ్చింది. అతను ఆమె చేతిలోంచి తన చెయ్యి తీసుకున్నాడు. దుఃఖమనుకుంది ఆమె.

నలభయ్యో రోజున ఉత్తర్వును పొడిగించాలా వద్దా అని విచారణ జరిగింది. పొడుగాటి బల్ల మీద రెండు పుస్తకాలు పెట్టారు. ప్లాంటు లాగ్‌బుక్కు ఒకటి, ఊపిరి మిషన్ల రోగుల రిజిస్టరు ఒకటి. ముందు గుమాస్తాను అడిగారు. అతనికి ఇరవై మూడేళ్లుంటాయి. ఏడుస్తూ చెప్పాడు. జాబితా వచ్చిన మొదటి వారమంతా రోజూ పొద్దున్నే పుస్తకం తెరిచి కూర్చున్నాడు. ఒక్క కోతా పడలేదు. రెండో వారం మొదట్లోనూ పడలేదు. రోజూ పదకొండు మంది గళ్లూ ఖాళీగా ఉంటే పైవాళ్లు ఎందుకు నింపలేదని అడుగుతున్నారు. అందుకని సోమవారం నాడే వారానికి సరిపడా టిక్కులు పెట్టేయడం మొదలెట్టాడు. ఆ రోజు ఫోను వచ్చేసరికి పేజీ నిండిపోయి ఉంది, నిండినది నిండినట్టు చదివాడు.

"కోతలు ఉండవనుకున్నాను సార్," అన్నాడు. "ఇరవై రోజులుగా పొగ బాగానే ఉంది కదా."

ఇతని మీద ఫిర్యాదు రాసి ఇస్తారా అని అధికారి దేవప్రసాద్‌ను అడిగాడు.

"లేదు సార్. కోతలు ఉండవని అతనికి నేర్పింది నేనే," అన్నాడు దేవప్రసాద్. లాగ్‌బుక్కు తన వైపు తిప్పుకుని, ఐదో రోజు నుంచి ఇరవై మూడో రోజు దాకా ఉన్న పేజీలు వేలితో పట్టుకున్నాడు. "ఇవి పందొమ్మిది రోజులు. నా షిఫ్టులో పొగ అంకెలన్నీ అబద్ధం. నేనే వేశాను."

ఛాతీ వార్డు తరఫున వచ్చిన డాక్టరమ్మ ముందుకు వంగింది. ఆ వారాల్లో ఊపిరాడక ఆసుపత్రికి వచ్చినవాళ్లు రెట్టింపయ్యారని, వాళ్లలో సగం పిల్లలేనని ఆమె అంతకుముందే రిపోర్టు ఇచ్చింది. పొగ హద్దులోనే ఉందని లాగ్‌బుక్కు చెబుతోంది కాబట్టి ఆ రిపోర్టును పక్కన పెట్టారు.

"అసలు ఎంత ఉండేది?" అని అడిగింది.

"నాలుగమ్మా. కొన్ని గంటలు ఐదు."

"ఏ రోజు, ఏ గంటకి? చెప్పగలరా? తేదీలతో ఉంటే ఈ కేసుల పక్కన పెట్టి చూపించగలను."

దేవప్రసాద్ పుస్తకం వైపు చూశాడు. అన్ని గళ్లలోనూ మూడు ఉంది. ఒకదానికీ ఇంకోదానికీ తేడా లేదు.

"చెప్పలేనమ్మా. రాసుకుంటేనే నాకు గుర్తుంటుంది. ఇవి రాసుకోలేదు."

ఆపరేటరు నోటిమాటగా చెప్పాడని, రాతపూర్వక ఆధారం లేదని మినిట్స్‌లో రాసుకున్నారు. అతన్ని పనిలోంచి తీసేశారు. నలభై మూడో రోజున ట్యాంకరు వచ్చింది. ఉత్తర్వు గడువు దానంతట అదే తీరిపోయింది, పొడిగించాలా వద్దా అని తేల్చే అవసరం ఎవరికీ రాలేదు.

చిన్ని పదకొండు రోజులు ఆసుపత్రిలో ఉండి అప్పటికే ఇంటికి వచ్చింది. చలిగాలికీ దుమ్ముకూ ఎప్పుడూ జాగ్రత్తగా ఉండాలని, నోటితో పీల్చే పంపు మందు ఇంట్లో ఉంచుకోవాలని చెప్పి పంపారు. పరుగెత్తితే నాలుగు అడుగులకు ఆగిపోతోంది.

విచారణలో అతను ఏం చెప్పాడో ఊళ్లోకి ఎలాగూ వస్తుంది. రాకముందే తనే చెప్పాలని దేవప్రసాద్ విచారణ రోజు సాయంత్రమే అప్పలకొండమ్మ కొట్టు ముందు నిలబడ్డాడు. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతోంది. కూర్చోమంది. కూర్చోకుండానే చెప్పాడు. ఆమె చేతులు చేటలోనే ఆగిపోయాయి.

"ఎన్ని రోజులు రాసేవు?" అంది.

"పందొమ్మిది."

ఆమె లెక్క చూసుకుంది. "దుప్పటి చూపించినప్పుడు?"

"అప్పుడూ అంతే అక్కా."

"తుష్నాబాద్ పంపీద్దునని చెప్పేను నీకు. ఇక్కడే, ఈ గుమ్మంలో నిలబడి చెప్పేను."

"చెప్పావు."

"మేరమ్మ కోసమే రాసేవు. నాకు తెల్దేటి? నా మొగుడు మంచం మీదుంటే నాను కూడా రాద్దును, నాను దేవతనేటి?" ఆమె గొంతు పైకి లేచింది. లోపల చిన్ని పడుకుందని గుర్తొచ్చి తగ్గించింది. "అయితే మాత్రం, నాకొక్క మాట చెప్తే నీకేటి పోనాది? పుస్తకంలో నీకు నచ్చింది రాసుకో. నా చెవిలో ఒక్కసారి, అక్కా గుంటని పంపీ అంటే, నాను ఎవరికైనా చెప్దునా?"

నిజానికి అది అతనికి తోచనే లేదు. పుస్తకంలో మూడని రాశాక నోటితో కూడా మూడే అనాలనుకున్నాడు.

"చెప్పవు కదా," అంది అప్పలకొండమ్మ. చేట తీసుకుని లోపలికి వెళ్లి, కొట్టు తలుపు దగ్గరగా వేసింది.

మరునాడు మధ్యాహ్నం సుష్మ వచ్చి ఒక గిన్నె అతని గుమ్మంలో పెట్టింది. వేడి అన్నం, చేపల పులుసు. "అత్త పంపింది, తినమంది," అని చెప్పి, లోపలికి రాకుండానే వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి గిన్నె రోజూ వస్తోంది. సుష్మ దుకాణానికి వెళ్లే రోజున కూడా, బయల్దేరే ముందు సుష్మే తెస్తుంది. అప్పలకొండమ్మ మళ్లీ ఆ ఇంటి గుమ్మం తొక్కలేదు. గిన్నె కడిగి, వాళ్ల అరుగు మీద బోర్లించి వస్తాడు దేవప్రసాద్. ఆ సమయానికి చిన్ని బయట ఆడుకుంటూ ఉంటే, అది లోపలికి వెళ్లేదాకా గేటు ఇవతలే నిలబడతాడు.